పాత చాకుకు కొత్త డిప్పలు

కొడవలి పిడి విరిగితే మన రైతు కొడవలిని పారేయడు. వడ్రంగి దగ్గరకు వెళ్లి తుమ్మకర్ర ముక్క ఒకటి చెక్కించుకుంటాడు. కొడవలి తోకను ఎర్రగా కాల్చి అందులో దిగేస్తే సరి, మర్నాడు కోతకు సిద్ధం. గొడ్డలి కామ, పార కామ కూడా అంతే. ఇనుము అరిగిపోయేదాకా కర్ర మారుతూనే ఉంటుంది. ఇందులో ఎవరికీ వింత లేదు.

మరి జేబులో పెట్టుకునే మడత చాకు సంగతేమిటి? దాని పిడి పగిలితే మాత్రం చాలామంది అటక మీదికి విసిరేస్తారు. "ప్లాస్టిక్కు సామాను, అతకదు" అని తేల్చేస్తారు. ముఖ్యంగా ఎర్ర పిడి మీద తెల్ల శిలువ గుర్తు ఉండే సీమ చాకు విషయంలో ఇదే జరుగుతోంది. ఉద్దానంలో, సోంపేట పక్కన, పలాస చుట్టుపట్ల ఓడల మీదికీ గల్ఫు దేశాలకూ పనికి వెళ్లొచ్చినవాళ్లు ఉన్న ఊళ్లలో వెతికితే అటువంటి చాకు ఒకటో రెండో బయటపడతాయి. అలుగు బాగుంటుంది, స్ప్రింగు బాగుంటుంది. పిడి మీది డిప్ప మాత్రం పగిలి ఉంటుంది. అందుకని చాకు మొత్తం మూలన పడి ఉంటుంది.

ఆ డిప్పలు ఊడతాయి. కొత్తవి ఎక్కుతాయి. కొలిమి అక్కర్లేదు, వడ్రంగి అక్కర్లేదు. ఓపిక ఉంటే పావుగంట పని. ఈ సంగతి తెలియక ఈ విలేఖరి ఇంట్లోనే ఒక చాకు ఏళ్ల తరబడి ఒంటి డిప్పతో గడిపింది. ఆ చాకు మా నాన్నగారిది.

ఓడ మీద వచ్చిన చాకు

1984లో మా అన్నయ్య ఓడ పని నుంచి మొదటిసారి సెలవు మీద వచ్చినప్పుడు తెచ్చి నాన్న చేతిలో పెట్టాడు. మూసి ఉంచితే బెత్తెడు కంటే కాస్త ఎక్కువ పొడవు. పెద్ద అలుగు, చిన్న అలుగు, డబ్బా మూత కోసేది, సీసా మూత తీసేది, చెప్పులు కుట్టేవాళ్ల ఆరెలాంటి మొన, బిరడా తీసే మెలిక. ఆ మెలిక చూసి ఊళ్లో అందరూ నవ్వారు. "సారా సీసాకు గుడ్డపీలిక బిరడా పెట్టే ఊళ్లో ఇదెందుకయ్యా?" అన్నారు. నాన్న దాన్ని పలుపు తాళ్ల బిగుసుకున్న ముళ్లు విప్పడానికి వాడాడు. తడిసిన కొబ్బరి తాడు ముడి దానికి లొంగినంత సులువుగా మరి దేనికీ లొంగదని ఆయన చెప్పేవాడు.

మామిడి అంట్లు కట్టడానికి, వక్క చెక్క తీయడానికి, మా పలకపుల్లలూ పెన్సిళ్లూ చెక్కడానికి, కాలిలో ముల్లు లాగడానికి అన్నిటికీ అదే. పిడిలో ఒక గాడి ఉంటుంది. అందులో చిన్న చిమటా దాగి ఉంటుంది. వీధిలో ఏ పిల్లాడి కాల్లో తుమ్మముల్లు దిగినా మా అరుగు మీదికే వచ్చేవాళ్లు. వెనుక వైపు డిప్ప మీద ఆయన కాల్చిన సూదితో మా ఇంటిపేరు మొదటి అక్షరం గీసుకున్నాడు. సంతలో పోతే గుర్తు పట్టడానికి.

ముందు వైపు డిప్ప పగలగొట్టింది ఈ విలేఖరే. జీడిగింజ పగలగొట్టడానికి రాయి దొరకలేదు. చాకు మూసి, పిడితో నాలుగు దెబ్బలు వేశాను. నాలుగో దెబ్బకు గింజ పగల్లేదు కానీ శిలువ గుర్తున్న డిప్ప రెండు ముక్కలైంది. నాన్న కొట్టలేదు, తిట్టలేదు. కంసాలి దగ్గర లక్క ముక్క తెచ్చి కరిగించి ఆ వైపు పూశాడు. ఆ లక్క చాకుతోనే ఆయన మరో పాతికేళ్లు నెట్టుకొచ్చాడు. ఎండాకాలం లక్క మెత్తబడి జేబుకు అంటుకునేది. అమ్మ ఆ మరకల గురించి సణిగేది. అంతే.

నాన్న పోయాక పొలం పంపకం ఒక్క పూటలో అయిపోయింది. ఇల్లు ఎవరికన్నది కూడా మాటల్లోనే తేలిపోయింది. చాకు దగ్గర మాత్రం ఆగింది.

ఈ చాకు కథ

ఆ తగవు సంగతి తర్వాత చూద్దాం. ముందు ఈ చాకు ఎక్కడిదో తెలుసుకుంటే డిప్పలు ఎందుకు ఊడతాయో అర్థమవుతుంది.

స్విట్జర్లాండులో ష్విజ్ అనే రాష్ట్రం ఉంది. అందులో ఇబాక్ అనే ఊళ్లో 1884లో కార్ల్ ఎల్సెనర్ అనే ఆయన కత్తుల దుకాణం పెట్టాడు. అప్పట్లో ఆ దేశపు సైన్యానికి ఒక ఇబ్బంది వచ్చింది. 1889లో కొత్త తుపాకీ ఇచ్చారు. దాన్ని విప్పి శుభ్రం చేయాలంటే మరలు విప్పే పనిముట్టు కావాలి. డబ్బాల్లో తిండి వస్తోంది. దాన్ని తెరవడానికి మరొకటి కావాలి. సిపాయి నడుముకు ఎన్నని కట్టుకుంటాడు? అందుకని 1890లో అలుగు, ఆరె, డబ్బా కోసేది, మర విప్పేది, నాలుగూ ఒకే పిడిలో మడిచి పెట్టిన చాకు కావాలని నిర్ణయించారు. మొదట ఆ చాకులు జర్మనీలోని జోలింగెన్ నుంచి వచ్చాయి. 1891లో ఎల్సెనర్ తన దేశంలోనే తయారు చేసి సైన్యానికి అందించడం మొదలుపెట్టాడు. ఆ చాకుల పిడి కర్రదే. మన కొడవలి పిడిలాగే.

సిపాయి చాకు బరువుగా, మొరటుగా ఉండేది. తేలికగా ఉండేది మరొకటి చేసి, బిరడా తీసే మెలికా చిన్న అలుగూ చేర్చి 1897 జూన్ 12న ఎల్సెనర్ దానికి చట్టపరమైన హక్కు తీసుకున్నాడు. దానికి అధికారుల చాకు అని పేరు పెట్టాడు. తమాషా ఏమంటే అధికారులకు దాన్ని సర్కారు ఇవ్వలేదు. వాళ్లే డబ్బు పెట్టి కొనుక్కున్నారు. ఇవాళ ప్రపంచమంతా చూసే ఎర్ర చాకు ఆ అధికారుల చాకు వంశంలోదే.

ఎల్సెనర్ తల్లి పేరు విక్టోరియా. 1909లో ఆమె చనిపోయాక ఆమె పేరే కంపెనీకి పెట్టుకున్నాడు. డాలు మీద శిలువ గుర్తు కూడా ఆ ఏడాదిదే. 1921లో తుప్పు పట్టని ఉక్కు వాడకం వచ్చింది. అటువంటి ఉక్కును అక్కడ ఇనాక్స్ అంటారు. తల్లి పేరు, ఉక్కు పేరు కలిసి విక్టోరినాక్స్ అయింది. డెలెమాంట్ అనే ఊళ్లో వెంగర్ అని మరో కంపెనీ కూడా సైన్యానికి చాకులు అందించేది. అన్నదమ్ముల్లా చాలాకాలం ఇద్దరూ పంచుకున్నారు. 2005లో పెద్దది చిన్నదాన్ని కొనేసింది. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత అమెరికా సిపాయిలు ఈ చాకులను ఇళ్లకు పట్టుకెళ్లారు. జర్మను భాషలో దాని పేరు నోరు తిరక్క 'స్విస్ ఆర్మీ నైఫ్' అన్నారు. ఆ పేరే నిలిచింది.

ఇక పిడి సంగతి. చాకు లోపల తుప్పు పట్టని ఉక్కు అలుగులు, స్ప్రింగులు ఉంటాయి. మధ్యన పల్చటి అల్యూమినియం రేకులు ఉంటాయి. పొరలు పొరలుగా పేర్చి ఇత్తడి రివిట్లతో బిగిస్తారు. అంటే డిప్పలు లేకపోయినా చాకు చాకే. విడిపోదు, తెరుచుకుంటుంది, మూసుకుంటుంది. అటూ ఇటూ ఇత్తడి బుడిపెలు కాస్త పైకి లేచి ఉంటాయి. డిప్ప లోపలి వైపు సరిగ్గా ఆ బుడిపెల కొలతకు గుంటలు ఉంటాయి. డిప్పను పెట్టి గట్టిగా నొక్కితే బుడిపె గుంటలో బిగుసుకుంటుంది. చొక్కాకు టిచ్ బొత్తాం నొక్కినట్టే. అందుకే అవి ఊడతాయి, అందుకే మళ్లీ ఎక్కుతాయి.

మార్చే పద్ధతి

మొదట చాకు ఏ కొలతదో చూడాలి. అలుగులన్నీ మూసి, స్కేలుతో పిడి పొడవు కొలవండి. తాళాల రింగుకు వేలాడే బుల్లిది 58 మిల్లీమీటర్లు. మధ్య రకం 84. మన జేబుల్లో ఎక్కువగా కనిపించే అధికారుల చాకు 91. కొత్త డిప్పలు కొనేటప్పుడు ఈ అంకె ఒక్కటే ముఖ్యం. చాకు లావా, సన్నమా అన్నది పట్టించుకోనక్కర్లేదు. రెండు పొరలున్నా, రంపం కత్తెర అన్నీ కూరిన లావుపాటిదైనా 91కి 91వే సరిపోతాయి. కుడి డిప్ప ఎడమకు పట్టదు. జతగా అమ్ముతారు.

కొన్ని చాకులకు ఈ పద్ధతి కుదరదు. పిడి వెండి రంగులో గరుకు గరుకుగా చేతికి పట్టునిచ్చే అల్యూమినియందైతే దాన్ని రివిట్లతోనే బిగించి ఉంటారు. దాని జోలికి పోవద్దు. 111 మిల్లీమీటర్ల పెద్ద చాకుల బిగింపు వేరు. ఇక సంతల్లో అమ్మే నకిలీ ఎర్ర చాకుల డిప్పలను జిగురుతోనో మేకులతోనో బిగిస్తారు. అవి ఊడదీస్తే ముక్కలే మిగులుతాయి. అసలుదో నకిలీదో తెలియాలంటే పెద్ద అలుగు తెరిచి మొదట్లో, పిడి దగ్గర చూడండి. కంపెనీ పేరు ఉక్కులోకి దిగి ముద్ర కొట్టి ఉంటుంది. పిడి మీది గుర్తును చూసి మోసపోకండి. గుర్తు ఎవరైనా వేస్తారు.

ఇప్పుడు పని. చిమటా, పలుపుల్ల బయటికి తీసి ఒక గిన్నెలో పడేయండి. చిన్నవి, నేల మీద పడితే దొరకవు. అలుగులన్నీ మూసి, అవి తెరుచుకునే వైపు గుడ్డ చుట్టండి. చేయి తట్టుకునేంత వేడి నీళ్లలో చాకును అయిదు నిమిషాలు ఉంచండి. డిప్ప కాస్త మెత్తబడుతుంది. మరిగే నీళ్లు వద్దు, వంకర పోతుంది. తర్వాత సన్నని పాత అలుగునో, గడ్డం గీసే బ్లేడుకంటే మందంగా ఉండే రేకు ముక్కనో డిప్పకూ అల్యూమినియం రేకుకూ మధ్య ఒక కొన దగ్గర దూర్చండి. దూర్చి కొద్దిగా తిప్పండి. ఒకేచోట బలం పెట్టవద్దు. ఒక కొన కాస్త లేస్తే రెండో కొనకు వెళ్లండి. అలా అటూ ఇటూ తిరుగుతుంటే 'టక్' మని ఒక బుడిపె వదులుతుంది. ఒకటి వదిలితే మిగతావి మాట వింటాయి.

ఇక్కడే చేతులు తెగేది. చాకును ఎడమ అరచేతిలో పెట్టుకుని కుడిచేత్తో పొడిచినట్టు దూర్చడం అందరూ చేసే తప్పు. బల్ల మీద పెట్టండి. మొన ఎప్పుడూ మీ చేతికి ఎదురుగా ఉండకూడదు. పిల్లలు పక్కన ఉంటే వాళ్లను దూరంగా పంపండి. చెప్పడం సులువే, వాళ్లు వెళ్లరు. అయినా పంపండి.

పాత డిప్ప పగలకుండా వస్తుందన్న ఆశ పెట్టుకోకండి. పాతబడ్డదైతే గుంటల దగ్గర చిట్లుతుంది. దాచుకోవాలనుకునే డిప్ప అయితే ఈ సంగతి ముందే ఆలోచించుకోవాలి.

డిప్ప ఊడాక లోపల ఏముంటుందో చూస్తే ఆశ్చర్యమేస్తుంది. మా నాన్న చాకులో ఎండిన జీడిపండు రసం, వక్కపొడి, పొగాకు నుసి గట్టిపడి ఉన్నాయి. పాత పళ్లు తోముకునే బ్రష్షుతో గోరువెచ్చని నీళ్లలో కడిగి పూర్తిగా ఆరబెట్టండి. అలుగులు కదిలే చోట్ల తిండికి పనికొచ్చే నూనె ఒక్కొక్క చుక్క వేయండి. కిరసనాయిలు వద్దు, అదే అలుగుతో మామిడికాయ కోస్తారు.

కొత్త డిప్పను గుంటలు బుడిపెల మీదికి వచ్చేలా సరిచూసి బొటనవేళ్లతో ఒక కొన నుంచి నొక్కుకుంటూ పోండి. వేళ్లకు బలం చాలకపోతే అటూ ఇటూ చెక్క ముక్కలు పెట్టి సైకిలు షాపులోని బల్ల పట్టుతో మెల్లగా బిగించండి. లోపలికి దిగినప్పుడు చప్పుడు వినిపిస్తుంది. డిప్ప చుట్టూ గోరు దూరే సందు ఎక్కడా ఉండకూడదు. ఉందంటే ఒక బుడిపె పట్టలేదన్నమాట. అప్పుడు సుత్తి తీయకండి. మళ్లీ ఊడదీసి సరిచూడండి. కొందరు లోపల జిగురు పూస్తారు. అవసరం లేదు. పూస్తే మరోసారి మార్చడానికి వీలుండదు.

ఒక మాట. కంపెనీ ఇచ్చే హామీ తయారీ లోపాలకే. మనం విప్పి పాడుచేసుకున్నది మన నెత్తినే పడుతుంది. ఇంకా హామీలో ఉన్న కొత్త చాకు మీద ఈ ప్రయోగాలు చేయకండి.

కర్రా, కొమ్మా?

ఎర్ర ప్లాస్టిక్కు నచ్చనివారు ఇతర రకాలు పెట్టుకుంటారు. విదేశాల్లో దీన్ని పెద్ద సరదాగా చేసుకున్నవాళ్లు ఉన్నారు. ఇత్తడి, రాగి, అక్రోటు కర్ర, ముత్యపు చిప్ప, ఏదైనా సరే పల్చగా కోసి చాకుకు తొడుగుతారు. లోపలి వైపు బుడిపెలకు గుంటలు తొలవాలి, పైకి కన్నం పడకూడదు. మందం పాత డిప్పంతే ఉండాలి. ఈ రెండూ కుదిరితే మన వడ్రంగి చేయలేని పనేమీ కాదు. కర్ర తొడుగులు ప్లాస్టిక్కులా సాగవు. అందుకని వాటికి మాత్రం రెండు గొట్టాల్లో వచ్చే గట్టి జిగురు వాడక తప్పదు. ముదురు తాటి మాను చేవలో నల్ల చారలు ఉంటాయి. నునుపు పట్టి నూనె రుద్దితే దాని అందమే వేరు. చింతచేవ కూడా గట్టిదే. దూలాలు కోసినప్పుడు మిగిలే ముక్కలు చాలు. కొనేదేమీ లేదు.

మన జిల్లా వాళ్లకు మరో వెసులుబాటు ఉంది. పాతపట్నం దాటితే పర్లాకిమిడి. 1936లో అది ఒరిస్సాలోకి వెళ్లింది కానీ రాకపోకలు ఎప్పుడూ ఆగలేదు. అక్కడి కొమ్ముపని పేరున్న పని. పశువుల కొమ్ములతో దువ్వెనలు, కొంగలు, చేపలు, దేవుడి బొమ్మలు చేస్తారు. కొమ్మును వేడి చేసి మెత్తబరచి పలకగా నొక్కడం వాళ్లకు వచ్చిన విద్య. చాకు డిప్పకు కావలసింది ఆ పలకే. గేదె కొమ్ము నల్లగా, నునుపుగా, చేతికి చల్లగా ఉంటుంది. పురుగు పట్టకుండా అప్పుడప్పుడు నూనె రాయాలి. కొమ్మును అరగదీసేటప్పుడు ముక్కుకు గుడ్డ కట్టుకోండి. ఆ పొడి మంచిది కాదు, వాసన అంతకన్నా మంచిది కాదు.

అయితే జింక కొమ్ము మాట ఎవరైనా ఎత్తితే వెంటనే లేచి వచ్చేయండి. ఒకప్పుడు మన అడవుల్లో కణుజులు రాల్చిన కొమ్ములు ఓడలకెక్కి ఇంగ్లండులోని షెఫీల్డుకు పోయేవి. అక్కడి దొరల చాకులకు, బల్ల మీది కత్తులకు పిడులయ్యేవి. ఆ రోజులు పోయాయి. 1972లో వన్యప్రాణుల రక్షణ చట్టం వచ్చింది. 1990లలో కొమ్ముల ఎగుమతి కూడా నిలిపివేశారు. "చంపింది కాదయ్యా, అడవిలో రాలిపడింది ఏరుకొచ్చాం" అని అమ్మేవాళ్లు చెబుతారు. రాలిందైనా, తీసిందైనా దాని బేరం నేరమే. చాకు పిడి మోజుతో జైలు మెట్లెక్కడం ఎందుకు?

పోగుచేయడం ఎలా మొదలైంది

మా అన్నయ్య కొడుక్కి ఇరవై రెండేళ్లు. డిప్పలు మార్చవచ్చని మాకు చెప్పింది వాడే. తాతయ్య చాకు మీద మనసు పడి, దాని సంగతి తెలుసుకోవడానికి ఊళ్లో ఇంకెవరి దగ్గరైనా అటువంటిది ఉందేమోనని ఇల్లిల్లూ తిరిగాడు. ఒక ఇంట్లో బియ్యం డబ్బా అడుగున, ఒక ఇంట్లో దేవుడి గూట్లో, ఒకచోట కోళ్ల గూటి గడియగా దూర్చి, ఇలా ఏడు చాకులు దొరికాయి. కొందరు ఊరికే ఇచ్చారు. కొందరు బాగుచేసి ఇస్తే చాలన్నారు. వాడు బాగుచేసి తిరిగి ఇచ్చినవే ఎక్కువ.

డబ్బుతో పోగుచేసేవాళ్ల పద్ధతి వేరు. బుల్లి చాకుల మీద 2012 నుంచి కంపెనీ ఏటా కొత్త బొమ్మలు వేసి పరిమితంగా అమ్ముతోంది. వాటిని వరసగా కొని పెట్టెలతో సహా దాచేవాళ్లు ఉన్నారు. కొందరు ఒకే కొలతవి, కొందరు ఒకే రంగువి. పాతవాటికైతే అలుగు మొదట్లోని ముద్రను బట్టి ఏ కాలానిదో చెబుతారు. ముద్ర ఎన్నోసార్లు మారింది కాబట్టి అదే దాని జాతకం. ఇటువంటి చోట డిప్పలు మార్చితే విలువ పడిపోతుంది. అసలు డిప్పలతో, గీతలతో సహా ఉన్నదానికే వెల. అందుకని పాత ముద్ర ఉన్న చాకు దొరికితే మెరిపించాలని తొందరపడకండి. పాత డిప్పలు పగిలినా పారేయకుండా కాగితంలో చుట్టి పక్కన పెట్టండి.

మా వాడి దగ్గర అంత డబ్బు లేదు. ఒక నోటుబుక్కు ఉంది. ప్రతి చాకుకూ ఒక పేజీ. ఎవరు తెచ్చారు, ఏ ఏడాది, ఏ రేవులో కొన్నారు, దేనికి వాడారు, పిడి ఎలా పగిలింది. ఒక పేజీలో ఇలా రాసి ఉంది: దుబాయిలో కొన్నది, భార్యకు ఇచ్చాడు, ఆమె చేపలు తోమడానికి వాడింది, అతను మళ్లీ రాలేదు. ఆ చాకును మాత్రం ఆవిడ ఇవ్వలేదు. డిప్పలు మార్చనివ్వలేదు కూడా. చూపించి మళ్లీ కొంగున కట్టుకుందట. వాడు పేజీ మాత్రం రాసుకున్నాడు. ఆ పేజీ చదివాక ఈ పోగు మీద ఈ విలేఖరికి గౌరవం కలిగింది.

సీమ చాకులతోనే ఆగక మామ్మ అడకత్తెర, పనిమానేసిన గీత కార్మికుడు ఒకాయన కల్లుగీసిన కత్తి కూడా చేర్చాడు. ఈ రెండోదాని పిడి ఇప్పటికి ఎన్నిసార్లు మారిందో ఆయనకే లెక్క లేదు.

చట్టం కూడా తెలుసుకోండి

తొమ్మిది అంగుళాల కంటే పొడవు గానీ, రెండు అంగుళాల కంటే వెడల్పు గానీ ఉన్న అలుగుల మీద ఆయుధాల నిబంధనలు ఉన్నాయి. ఇంటి పనికి, వ్యవసాయానికి చేసినవాటికి మినహాయింపు ఉంది. జేబు చాకు ఆ కొలతకు చాలా దూరం. అయినా కోర్టుకు, పోలింగు బూతుకు, తిరునాళ్ల గుంపులోకి జేబులో వేసుకుని పోకండి. మీట నొక్కితే ఎగిరి తెరుచుకునే చాకులు పోగుచేయాలన్న ముచ్చట అసలే వద్దు.

విమానం ఎక్కేవారు మరీ జాగ్రత్త. చేతి సంచిలో చాకు ఉంటే తనిఖీ దగ్గర తీసేసుకుంటారు. గల్ఫు నుంచి వచ్చే పిల్లలు ఎందరో అలా పోగొట్టుకున్నారు. లోపల పడేసే పెద్ద పెట్టెలో పెట్టాలి. 2001లో అమెరికాలో విమానాల దాడులు జరిగాక తనిఖీలు బిగిశాయి. విమానాశ్రయాల దుకాణాల్లో ఈ చాకుల అమ్మకాలు దెబ్బతిన్నాయి. దేశదేశాల్లో కత్తుల మీద ఆంక్షలు పెరుగుతున్నందున అలుగే లేని పనిముట్టు తయారు చేసే ఆలోచనలో ఉన్నామని 2024లో ఆ కంపెనీయే చెప్పింది. అలుగు లేని చాకు! మా నాన్న వింటే ఏమనేవాడో.

అసలు తగవు

ఇక మా ఇంటి సంగతి. అన్నయ్య కొత్త జత డిప్పలు తెప్పించాడు. రెండూ మార్చేద్దామన్నాడు. తెచ్చినవాడు తనే కాబట్టి మాట చెల్లుతుందనుకున్నాడు. అప్ప ఒప్పుకోలేదు.

"ఆ లక్క నాన్న చేత్తో పూసింది. తీసేస్తే ఇంకేం మిగిలింది రా? కొత్తది కావాలంటే బజార్లో కొనుక్కో."

"లక్క ఉంటే ఎవరూ వాడరప్పా. వాడకపోతే తుప్పు పట్టకపోయినా చచ్చినట్టే. నాన్న దాన్ని ఎప్పుడన్నా పెట్టెలో పెట్టాడా?"

రెండు రోజులు ఇదే. పగలగొట్టినవాణ్ణి కాబట్టి నేను నోరెత్తలేదు. చివరకు అమ్మ తేల్చింది. "లక్క వైపు మార్చండి. అక్షరం వైపు ముట్టుకోకండి. ఆ లక్క ఎన్ని పంచెలు పాడుచేసిందో మీకేం తెలుసు?" అంది.

వేడి నీళ్లకు లక్క మెత్తబడి పొరగా లేచింది. అడుగున నేను పగలగొట్టిన డిప్ప ముక్క ఒకటి గోరంత ఇంకా బుడిపెను పట్టుకునే ఉంది. దాన్నీ లక్కనూ అప్ప పొట్లం కట్టుకుని తీసుకుపోయింది. కొత్త డిప్ప అన్నయ్య కొడుకు ఎక్కించాడు. ఒక వైపు ఎర్రగా నిగనిగలాడుతూ శిలువ గుర్తు, రెండో వైపు వెలిసిపోయి ఇటుక రంగుకు తిరిగి నల్లటి అక్షరం. జతలో మిగిలిన రెండో కొత్త డిప్ప నోటుబుక్కు అట్టకు అంటించి పెట్టాడు.

చాకు ఇప్పుడు అమ్మ దగ్గరే ఉంది. పండగకు వెళ్లినప్పుడు వక్క కోసుకుంటోంది. చిమటా ఎక్కడో పడిపోయిందట, గాడి ఖాళీగా ఉంది. చిమటాలు విడిగా కూడా దొరుకుతాయని వాడు చెబుతున్నాడు. తెప్పిస్తానన్నాను.